నలభై ఇళ్ళ కబురు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మా పేరు పిలుస్తూ "సెల్‌ఫోన్ల గురించి మాట్లాడతారు" అన్నారు. అనగానే వెనక వరసలో ఇద్దరు ముగ్గురు పెద్దలు మొహం చిట్లించడం మేము చూశాము. ఫోను వల్ల పిల్లలు చెడిపోతున్నారని ప్రతి ఏడూ ఈ వేదిక మీద ఎవరో ఒకరు చెప్తూనే ఉన్నారు గనక మళ్ళీ అదే పాట పాడతామని అనుకుని ఉంటారు. అది కాదు. టవరు లేకపోయినా, ఇంటర్నెట్టు లేకపోయినా, పక్కపక్కన ఉన్న రెండు ఫోనులు తమలో తాము మాట్లాడుకోగలవనే సంగతి మన మొహల్లాకు ఏ విధంగా పనికి వస్తుందో మనవి చేయదలచాము. మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళమే గాని ఇంజనీర్లము కాము. తెలుసుకున్నది మన మాటల్లో చెప్తాము.

2024 సెప్టెంబరు 1వ తేదీని విజయవాడలో ఎవరూ మరచిపోలేదు. బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ నీళ్ళలో మునిగినాయి. అటు కృష్ణమ్మ కూడా ఊరుకోలేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. 2009 అక్టోబరు వరదనే పెద్దదని చెప్పుకునేవాళ్ళం, అప్పుడు వచ్చింది 11.10 లక్షలు. కింది అంతస్తులు మునిగినవాళ్ళు పై అంతస్తులకు, పై అంతస్తు లేనివాళ్ళు పక్కవాళ్ళ డాబాల మీదకు చేరారు. కరెంటు లేదు. చాలా సందుల్లో ఫోనులో సిగ్నలు గీతలు ఒక్కొక్కటే తగ్గి చివరకు ఒక్కటీ మిగలలేదు. మసీదు మైకు కూడా కరెంటు మీద ఆధారపడ్డదే గదా, అదీ మూగబోయింది.

ఆ రోజుల్లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. పేర్లు అవసరం లేదు, ఇక్కడ ఉన్నవాళ్ళలో సగం మందికి తెలిసినదే. ఒక సందులో మొదటి అంతస్తులో ఒక పెద్దావిడ ఉన్నారు, చక్కెర జబ్బు మనిషి, రోజూ ఇన్సులిన్ వేసుకోవాలి. ఆమె మందు కింద ఫ్రిజ్‌లో ఉండిపోయి నీళ్ళపాలయింది. కొడుకు డాబా ఎక్కి, ఉన్న కాస్త చార్జింగుతో ఫోను మీద ఫోను చేశాడు. ఒక్కటీ కలవలేదు. మూడో రోజు పడవ వచ్చి ఆమెను తీసుకువెళ్ళే సరికి ఆమెకు స్పృహ లేదు. పది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. బతికారు, అల్‌హందులిల్లా. నీళ్ళు తీసిన తర్వాత తెలిసిన మాట ఏమిటంటే, అదే సందులో మూడిళ్ళ అవతల అద్దెకు ఉన్నవాళ్ళ దగ్గర అదే మందు రెండు సీసాలు తడవకుండా ఉన్నాయి. వాళ్ళు కొత్తగా వచ్చినవాళ్ళు. వాళ్ళింట్లో చక్కెర జబ్బు ఉన్నదని వీళ్ళకు తెలియదు, వీళ్ళకు మందు కావాలని వాళ్ళకు తెలియదు. మూడిళ్ళంటే ఎంత దూరం? పదిహేను, ఇరవై మీటర్లు. రెండు ఇళ్ళల్లోనూ ఫోనులు ఉన్నాయి. రెండింట్లోనూ కొంత చార్జింగు ఉన్నది. మధ్యలో లేనిది టవరు ఒక్కటే.

ఇక్కడ ఒక చిన్న పాఠం చెప్పనివ్వండి. మీరు మీ పక్కింటివారికి వాట్సాప్‌లో "అస్సలాము అలైకుం" అని పంపితే ఆ మాట గోడ దాటి నేరుగా వెళ్ళదు. ముందు టవరుకు వెళ్తుంది, టవరు నుంచి కంపెనీవారి తీగల్లోకి, అక్కడినుంచి ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లకు వెళ్ళి, తిరిగి అదే దారిన వచ్చి పక్కింట్లో పడుతుంది. పక్కింటికి పళ్ళెంలో సేమ్యా పంపడానికి దానిని ఢిల్లీ బండి ఎక్కించి, అక్కడినుంచి మళ్ళీ పార్సిలు తెప్పించినట్లు ఉంటుంది వ్యవహారం. అన్నీ బాగున్నప్పుడు రెప్పపాటులో జరిగిపోతుంది గనక మనకు పట్టదు. ఒక్క టవరు ఆగితే ఆ సేమ్యా పక్కింటికి చేరదు.

కాని ఫోనులో టవరుతో పని లేని చిన్న రేడియో ఒకటి ఉన్నది. దానినే బ్లూటూత్ అంటారు. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోనుకు పాట పంపేది అదే. 1990లలో స్వీడన్‌కు చెందిన ఎరిక్‌సన్ కంపెనీలో ఈ పని మొదలయింది. వెయ్యేళ్ళ కిందట డెన్మార్క్‌ను ఏలిన హెరాల్డ్ అనే రాజుకు బ్లూటూత్ అని మారుపేరు ఉండేదట, విడివిడిగా ఉన్న తెగలను కలిపాడని ఆయన పేరు పెట్టారు. దాని శక్తి తక్కువ. గోడలుంటే పది మీటర్లు పోవడమే కష్టం. ఆరుబయట ముప్పై మీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కూడా పోతుంది. వైఫై ద్వారా కూడా ఫోను నుంచి ఫోనుకు నేరుగా పంపే పద్ధతి ఉన్నది. అది కొంచెం దూరం పోతుంది గాని చార్జింగు ఎక్కువ తాగుతుంది.

పది మీటర్లతో ఏమవుతుందని అడగవచ్చు. వరదలో బియ్యం బస్తాలు ఎట్లా దించామో గుర్తు చేసుకోండి. లారీ దగ్గరినుంచి మసీదు మెట్ల దాకా వరసగా నిలబడి ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి అందించుకున్నాం. ఎవరూ నాలుగడుగులకు మించి కదలలేదు, బస్తాలు మాత్రం వంద మీటర్లు నడిచాయి. ఫోనులూ అంతే. మొదటి ఫోను రెండోదానికి, రెండోది మూడోదానికి కబురు అందిస్తుంది. మధ్యలో ఉన్న ఫోను జేబులోనే ఉంటుంది, దాని యజమాని ఏమీ చేయనక్కరలేదు. వరస తెగిపోతే కబురును కాసేపు దగ్గర పెట్టుకొని, ఇంకో ఫోను దగ్గరికి రాగానే అందించే ఏర్పాటు కూడా కొన్ని యాపుల్లో ఉన్నది. మన పెద్దవాళ్ళు ఊరికి పోయే మనిషి చేతికి దస్తీ ఉత్తరం ఇచ్చి పంపేవారు గదా, అదే. ఆ ఉత్తరం అంటించి ఉంటే మధ్యవాడు విప్పలేడు. ఇక్కడ కూడా సంకేత లిపిలో మూసి పంపే పద్ధతి ఉన్నది. కొన్నింటిలో ఉన్నది, కొన్నింటిలో లేదు, కొన్నింటిలో ఉన్నదని చెప్తారు గాని గట్టిగా లేదు. దాని గురించి తరువాత చెప్తాము.

ఇది ఎవరో కలగన్న సంగతి కాదు. 2010 జనవరి 12న హైతీ దేశంలో భూకంపం వచ్చి టవర్లు కూలినాయి. అది చూసి ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయంలో పాల్ గార్డ్‌నర్ స్టీఫెన్ అనే అధ్యాపకుడు సర్వల్ అనే ప్రయత్నం మొదలుపెట్టాడు. టవర్లు లేని ఎడారి ప్రాంతంలో ఫోనుల మధ్య నేరుగా మాటలు కలిపి చూపించాడు. 2014లో హాంకాంగ్ విద్యార్థుల ఆందోళనలో ఫైర్‌చాట్ అనే యాపును ఒక్క రోజులో లక్ష మందికి పైగా దించుకున్నారు. ఆ ఫైర్‌చాట్ ఇప్పుడు లేదు. 2019లో అదే ఊళ్ళో బ్రిడ్జ్‌ఫై అనేది వచ్చింది. 2025 జూలైలో ట్విట్టర్ స్థాపకుల్లో ఒకరైన జాక్ డోర్సీ బిట్‌చాట్ అనేది తెచ్చాడు. ఫోను నంబరు అడగదు, పేరు నమోదు చేయమనదు, బ్లూటూత్ మీద నడుస్తుంది. అదే ఏడు సెప్టెంబరులో నేపాల్ ప్రభుత్వం సోషల్ మీడియాను ఆపినప్పుడు అక్కడి కుర్రకారు వేల సంఖ్యలో దానిని దించుకున్నారు.

మీరు గమనించే ఉంటారు, వీటికి పేరు వచ్చింది ఎక్కువగా ఆందోళనల్లో. మనకు కావలసింది అది కాదు. మనకు కావలసింది మందు సీసా ఏ ఇంట్లో ఉన్నదో తెలియడం. ఈ మాట ఎందుకు గట్టిగా చెప్తున్నామంటే, 2023 మే నెలలో మన కేంద్ర ప్రభుత్వం భద్రతా కారణాలు చెప్పి పద్నాలుగు యాపులను నిలిపివేసింది. అందులో బ్రయర్ అనేది ఒకటి. అది ఈ కోవకు చెందినదే, పనితనంలో మంచిదే. అయినా సరే, నిలిపివేసిన దానిని ఎక్కడినుంచో సంపాదించి మన పిల్లలు ఫోనులో పెట్టుకోవద్దు. మన పిల్లల ఫోను తీసి చూసేవారు మనమాట వింటారన్న నమ్మకం ఎప్పుడూ ఉండదు. ఏ యాపు పెట్టుకున్నామో, ఎందుకు పెట్టుకున్నామో సంఘం రిజిస్టరులో రాసి ఉంచాలి. పోలీస్ స్టేషనుకు, వార్డు సచివాలయానికి కూడా ఒక కాగితం ఇవ్వాలని మా అభిప్రాయం. దాచవలసిన పని మనం చేయడం లేదు.

ఇక లెక్క. మన పెద్దలు పొరుగు అంటే నలభై ఇళ్ళ దాకా అని చెప్తారు, నలువైపులా నలభై. ఆ నలభై ఇళ్ళల్లో ఎవరుంటే వాళ్ళు పొరుగువారే. అక్కడ మనవాళ్ళు, పరాయివాళ్ళు అని గీత లేదు. వరదలో మనం తిన్న పొట్లాలు ఎవరు వండారో, మనం పంచిన పొట్లాలు ఎవరు తిన్నారో ఎవరూ అడగలేదు. మన సందుల్లో ఒక్కో ఇల్లు వీధి మీదకు అయిదు మీటర్లు వేసుకుందాం. నలభై ఇళ్ళంటే రెండు వందల మీటర్లు. బిట్‌చాట్‌లో కబురు ఏడు గెంతుల దాకా పోతుంది. గదుల్లో, గోడల మధ్య ఒక్కో గెంతు పది మీటర్లనుకుంటే డెబ్బై మీటర్లు, అంటే పద్నాలుగు ఇళ్ళు. సరిపోదు. అదే డాబాల మీద అయితే ముప్పై మీటర్ల చొప్పున రెండు వందల పది మీటర్లు. నలభై ఇళ్ళు దాటుతుంది. వరద వచ్చిన రోజు మనుషులు ఎక్కడ ఉంటారు? డాబాల మీదే.

ఈ లెక్క కాగితం మీద బాగున్నది. సందులో నీళ్ళ ట్యాంకులు, రేకుల షెడ్లు, జనం అడ్డుండగా ఎంత పోతుందో చూస్తేగాని తెలియదు. మధ్యలో నాలుగు ఇళ్ళల్లో ఆ యాపు లేకపోతే వరస అక్కడే తెగుతుంది. అందుకనే ఈ పని ఒక్కరు చేస్తే ప్రయోజనం సున్న. పదిమంది చేస్తే కొంత. సందుకు సందు చేస్తేనే పూర్తి ఫలం. వరద వచ్చాక దించుకుందామంటే దించుకోవడానికి ఇంటర్నెట్టు ఉండదు.

చార్జింగు మాట కూడా చెప్పాలి. సిగ్నలు లేనప్పుడు ఫోను ఊరుకోదు, టవరు కోసం వెతుకుతూనే ఉంటుంది. ఆ వెతుకులాటలోనే సగం బ్యాటరీ పోతుంది. కాబట్టి టవరు పోయిందని రూఢి అయిన వెంటనే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్ ఒక్కటి తిరిగి ఆన్ చేయండి. అలా చేయవచ్చునని చాలామందికి తెలియదు. గంటకొకసారి అయిదు నిమిషాలు టవరు వచ్చిందేమో చూసి మళ్ళీ అదే మోడ్‌లో పెట్టాలి. జూన్ నుంచి నవంబరు దాకా ప్రతి ఇంట్లో ఒక పవర్ బ్యాంకు నిండుగా ఉండాలి. ఫోను చచ్చిపోయాక ఏ యాపూ పనికిరాదు.

ఇప్పుడు అసలు భయం గురించి. మన కమిటీలో ఒక పెద్దాయన అడిగారు, "మాస్టారూ, వాట్సాప్‌లో వచ్చే అబద్ధాలు చాలలేదా, ఇంకొకటి తెస్తారా" అని. న్యాయమైన ప్రశ్న. 2018 జూలైలో హైదరాబాదు కుర్రవాళ్ళు కొందరు బీదర్ జిల్లాకు పోయారు. దారిలో బడి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా వచ్చిందని వాట్సాప్‌లో మాట పాకింది. వాళ్ళ కారు పక్క ఊరు చేరేలోపే గుంపు కాచుకొని ఉన్నది. ఒక యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. అతనికి చిన్న బిడ్డ ఉన్నాడు. ఆ నెలలోనే వాట్సాప్‌వారు మన దేశంలో ఒక మాటను ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపడానికి లేకుండా కట్టడి చేశారు. ఈ పొరుగు యాపుల్లో అలాంటి కట్టడి చేసే కంపెనీ మధ్యలో ఉండదు. పైగా కొన్నింటిలో ఎవరు ఏ పేరైనా పెట్టుకోవచ్చు. మన ఇమాం సాబ్ పేరు పెట్టుకొని ఎవడో ఒకడు "ఫలానా చోట గొడవ జరుగుతోంది" అని రాస్తే ఎవరు ఆపుతారు?

దీనికి జవాబు యంత్రంలో లేదు, మన చదువులో ఉన్నది. హదీసు విన్న మన పూర్వులు ముందు అడిగింది సనద్. ఎవరి నుంచి విన్నావు, ఆయన ఎవరి నుంచి విన్నాడు, ఆయన ఆ ఊళ్ళో ఆ రోజున ఉన్నాడా అని ఒక్కో పేరూ తూచేవారు. కబురు తెచ్చినవాణ్ణి విచారించకుండా నమ్మరాదని సూరా హుజురాత్ ఆరవ ఆయత్‌లో ఉన్న ఆజ్ఞ మా అయిదో తరగతి పిల్లలు కూడా చెప్పగలరు. సూరా నమల్‌లో హుద్‌హుద్ పిట్ట సంగతి చూడండి. సులైమాన్ అలైహిస్సలాం కొలువులో అది లేకపోయింది, వచ్చి సబా రాణి కబురు చెప్పింది. ఆయన ప్రవక్త, పిట్టల భాష తెలిసినవారు. అయినా వెంటనే నమ్మలేదు. నిజం చెప్పావో అబద్ధం చెప్పావో చూస్తామని, దాని చేతనే లేఖ పంపి పరీక్షించారు. ఒమాన్ దేశం సూచించిన ఆ పిట్ట పేరే 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని కొట్టిన తుపానుకు పెట్టారు. కబుర్లు మోసిన పిట్ట పేరున్న తుపాను ఆ ఊరికి కొన్ని రోజులపాటు కబురే లేకుండా చేసింది. ఇది విశాఖ నుంచి వచ్చిన బంధువులు చెప్పినప్పుడు మేము చాలాసేపు మాట్లాడలేకపోయాము.

కాబట్టి మన సందులో వాడుకకు ఒక నియమం పెట్టాలని కోరుతున్నాము. ప్రతి కబురులోనూ మనిషి అసలు పేరు, ఇంటి గుర్తు, వేళ ఉండాలి. "చూశాను" అన్నది వేరు, "విన్నాను" అన్నది వేరు. ఏదో స్పష్టంగా రాయాలి. విన్న మాటను ముందుకు పంపరాదు. ఊరి గొడవలు, రాజకీయాలు, ఎవరి అమ్మాయి ఎక్కడ కనిపించింది లాంటివి దానిలో ఒక్క అక్షరం కూడా రాకూడదు. నీళ్ళు, మందు, పాలు, పడవ, కాన్పు, మయ్యత్, ఇవే. పొరుగు యాపులో వాట్సాప్‌కు లేని సౌకర్యం ఒకటి ఉన్నది. పంపినవాడు ఎక్కడో దుబాయిలో ఉండడు, మనకు కూతవేటు దూరంలో ఉంటాడు. అనుమానం వస్తే డాబా మీదినుంచి కేక వేసి అడగవచ్చు.

గోప్యం విషయం ఇందాక దాటవేశాము. 2020 ఆగస్టులో లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు బ్రిడ్జ్‌ఫైని పరీక్షించి, దానిలో ఎవరు ఎవరికి రాశారో పట్టుకోవచ్చునని, రాసినది చదవవచ్చునని, ఒక్క దొంగ సందేశంతో మొత్తం వరసను కూలగొట్టవచ్చునని చూపించారు. ఆ తర్వాత కంపెనీవారు మార్పులు చేశారు. బిట్‌చాట్ వచ్చినప్పుడు కూడా దీనిని బయటి నిపుణులు ఇంకా పరీక్షించలేదు, రహస్యాలకు వాడవద్దు అని చేసినవారే రాసి పెట్టారు. అందుచేత బ్యాంకు నంబర్లు, ఆధార్, ఇంట్లో ఆడవాళ్ళు ఒంటరిగా ఉన్నారన్న మాట ఇటువంటివి దానిలో రాయవద్దు. మసీదు గోడ మీద అంటించడానికి అభ్యంతరం లేని మాటలే రాయండి.

తల్లులకు ఒక మాట. షేర్‌ఇట్, జెండర్ అని మన పిల్లలు సినిమాలు, పాటలు మార్చుకునే యాపులు ఉండేవి. 2020 జూన్ 29న ప్రభుత్వం నిలిపివేసిన 59 చైనా యాపుల్లో అవి పోయినాయి. ఇప్పుడు ఆండ్రాయిడ్‌లో క్విక్ షేర్, ఐఫోన్‌లో ఎయిర్‌డ్రాప్ అదే పని చేస్తున్నాయి. ఇవి అందరికీ తెరిచి ఉంటే బస్సులో, రైల్లో, కాలేజీ క్యాంటీనులో ముక్కూ మొహం తెలియనివాడు మన అమ్మాయి ఫోనుకు పాడు బొమ్మ పంపే వీలుంటుంది. ఆపిల్ వారు 2022 చివర నుంచి అందరికీ తెరిచి ఉంచే గడువును పది నిమిషాలకు తగ్గించారు. మీ ఇంట్లో ఫోనులన్నీ ఈ రాత్రే తీసి, తెలిసినవారి నుంచి మాత్రమే తీసుకునేటట్లు మార్చండి. రావడం లేదంటే బడికి తీసుకురండి, మా తొమ్మిదో తరగతి పిల్లలు అర నిమిషంలో చేసి పెడతారు. పాఠం చెప్పినంత సేపు పట్టదు వాళ్ళకు.

మేము చెప్పినదంతా విన్నాక, ఇంత చిన్న పనికి ఇంత యంత్రాంగం ఎందుకు, కిటికీలోంచి పిలిస్తే సరిపోదా అంటారు కొందరు. సరిపోతే పిలవండి. పిలవగలిగినచోట ఫోను అక్కరలేదు. మా చిన్నతనంలో రంజాన్‌లో సహరీకి లేపడానికి ఫకీరు సాబ్ లాంతరు పట్టుకొని వచ్చేవారు. ఏ ఇంట్లో ముసలివారున్నారు, ఏ ఇంట్లో బాలింత ఉంది, ఎవరి తలుపు మెల్లగా తట్టాలి, ఎవరిది గట్టిగా తట్టాలి అన్నీ ఆయనకు తెలుసు. ఆయన జోలెలో బియ్యంతో పాటు మొహల్లా అంతా ఉండేది. ఇప్పుడు అలారం లేపుతోంది. సందులో సగం ఇళ్ళు అద్దెవి, పదకొండు నెలలకొకసారి మనుషులు మారుతారు. ఫకీరు సాబ్‌కు తెలిసినది మనకు తెలియదు. ఆ సంగతి ఏ యాపూ మనకు చెప్పదు. ముందు రిజిస్టరు పట్టుకొని ఇల్లిల్లూ తిరగాలి. ఇంట్లో ఎందరు, ఎవరికి ఏ మందు, ఎవరు మంచం దిగలేరు, ఎవరికి ఈత వచ్చు, ఎవరి డాబాకు మెట్లున్నాయి. రాసుకున్న తర్వాతే ఫోను.

ఈ తిరుగుడు మా బడి పూర్వ విద్యార్థులు మొదలుపెట్టారు. నలభై ఇళ్ళల్లో ఇరవై ఆరు పూర్తయినాయి. ఇంకా పద్నాలుగు ఉన్నాయి, అందులో మూడు ఇళ్ళవారు తలుపు తీయలేదు. ఆ ఇళ్ళకు మగపిల్లల్ని పంపడం బాగోదు, మహిళా విభాగంవారు వెళ్తే మంచిది. వచ్చే ఆదివారం అసర్ నమాజ్ తర్వాత పరీక్ష పెడుతున్నాము. సందు మొదట్లోని బేకరీ నుంచి మసీదు మెట్ల దాకా, ఒకసారి గదుల్లోంచి, ఇంకోసారి డాబాల మీదినుంచి, ఫోనులన్నీ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచి కబురు పంపుతాము. ఎక్కడ తెగుతుందో సుద్దముక్కతో గోడ మీద గుర్తు పెడతాము. పాత ఫోనైనా పరవాలేదు, తీసుకురండి. పవర్ బ్యాంకులు సంఘం దగ్గర ఎనిమిది ఉన్నాయి, ఇంకా పన్నెండు కావాలి. వాటి సంగతి కోశాధికారిగారితో మాట్లాడాము, ఈ సాయంత్రం లెక్కలు చదివేటప్పుడు ఆయనే మీకు చెప్తారు.